పరీక్షకు రాకపోయినా ‘పాస్’ ఎలా వచ్చింది?

ప్రశ్న: పదో తరగతి మార్కుల ఎక్సెల్ షీటులో హిందీకి 20, మిగతా ఐదు సబ్జెక్టులకు 35 పాస్ మార్కులుగా పెట్టి ఈ ఫార్ములా రాశాను:
=ఇఫ్(యాండ్(బి2>=35,సి2>=20,డి2>=35,ఈ2>=35,ఎఫ్2>=35,జి2>=35),"పాస్","ఫెయిల్")
లెక్కల పరీక్షకు రాని అమ్మాయికి ‘ఏబీ’ అని వేస్తే ‘పాస్’ అంటోంది. ఇంగ్లిష్‌లో 28 వచ్చిన అబ్బాయికీ ‘పాసే’. తప్పెక్కడుంది?
– ఒక ఉపాధ్యాయురాలు, కడప జిల్లా

జవాబు: ఫార్ములా సరిగ్గానే ఉందండీ, తేడా అంతా సెల్స్‌లో ఉంది. పోల్చేటప్పుడు ఎక్సెల్‌కు ఏ అంకె కంటే అయినా అక్షరాలే పెద్దవి. ‘ఏబీ’ అంటే అక్షరాలు కాబట్టి 35 కంటే పెద్దదని లెక్కేసి ‘పాస్’ ఇచ్చేసింది. ఎర్రర్ కూడా చూపించదు, అందుకే ఇది ప్రమాదం.

ఆ 28 సంగతీ అంతే. వేరే ఫైలు నుంచి కాపీ చేసినప్పుడు అంకెలు టెక్స్ట్‌గా, అంటే అక్షరాల్లా వచ్చేస్తుంటాయి. సెల్‌లో ఎడమవైపుకి అతుక్కుని ఉన్నా, మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం కనిపించినా అనుమానించండి. ఆ 28 డి7 సెల్‌లో ఉందనుకుంటే, ఖాళీ సెల్‌లో =ఇజ్‌నంబర్(డి7) అని కొట్టి చూడండి, ఫాల్స్ వస్తే అది టెక్స్టే. ఫార్మాట్‌ను నంబర్‌గా మార్చినంత మాత్రాన అది అంకె అయిపోదు. ఆ కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి, డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి నేరుగా ఫినిష్ నొక్కండి. ఒకసారికి ఒక్క కాలమే అవుతుంది. అప్పటికీ మారలేదంటే కంటికి కనిపించని స్పేస్ ఉన్నట్టే. వెబ్ పేజీల నుంచి వచ్చే ఆ స్పేస్, మామూలు స్పేస్‌లు తీసేసే ట్రిమ్ ఫంక్షన్‌తో పోదు, =వాల్యూ(సబ్‌స్టిట్యూట్(డి7,చార్(160),"")) వాడాలి.

ఇక ‘ఏబీ’ని మార్చనక్కర్లేదు, పరీక్షకు రాలేదని తెలియాలి కదా. సున్నా వేస్తే రాసి సున్నా తెచ్చుకున్నట్టు అవుతుంది. ముందే ఒక కాపలా పెట్టండి:
=ఇఫ్(కౌంట్(బి2:జి2)<6,"సరిచూడాలి",ఇఫ్(యాండ్(…),"పాస్","ఫెయిల్"))
చుక్కలున్న చోట మీ ఆరు షరతులూ యథాతథంగా రాయండి. కౌంట్ నిజమైన అంకెలనే లెక్కపెడుతుంది కాబట్టి ఏబీ, ఖాళీ సెల్, టెక్స్ట్‌గా ఉన్న 28 మూడూ ఇక్కడే దొరికిపోతాయి.

ఏ షరతు దగ్గర తేడా వస్తోందో చూడాలంటే ఫార్ములా బార్‌లో ఈ2>=35 అన్న ముక్కను మాత్రమే సెలెక్ట్ చేసి ఎఫ్9 కీ నొక్కండి. దాని ఫలితం ట్రూ లేదా ఫాల్స్ అని అక్కడే కనిపిస్తుంది. చూశాక ఎస్కేప్ నొక్కాలి. ఎంటర్ కొట్టారో, షరతు పోయి ఆ ఫలితం అలాగే ఫార్ములాలో ఉండిపోతుంది.

ప్రశ్న: 35 నుంచి 59 వరకు ఉన్నవాళ్ల కోసం =ఇఫ్(35<=బి2<=59,"సి","") రాస్తే ఒక్కరికీ గ్రేడు రావడం లేదు.

జవాబు: నోట్‌బుక్‌లో అలా రాయొచ్చు, ఎక్సెల్‌లో కుదరదు. ముందు 35<=బి2 తేలుస్తుంది. వచ్చిన ట్రూ లేదా ఫాల్స్‌ను 59తో పోలుస్తుంది. ట్రూ, ఫాల్స్ రెండూ ఎక్సెల్ వరసలో అంకెల కంటే పైనే, అందుకే జవాబు ఎప్పుడూ ఫాల్సే. యాండ్(బి2>=35,బి2<=59) అని విడదీయండి.

ప్రశ్న: షీటులో 60 శాతం అని కనిపిస్తోంది, ఫార్ములా మాత్రం సెకండ్ క్లాస్ అంటోంది.

జవాబు: మొత్తం 600కి 358 వచ్చి ఉంటే అసలు శాతం 59.67. దశాంశాలు దాచడం వల్ల మీకు 60 కనిపిస్తోంది, ఫార్ములా మాత్రం అసలు విలువనే చూస్తుంది. రౌండ్ పెట్టి దాన్ని ‘సరిచేయడం’ మేం ఒప్పుకోం, ఫస్ట్ క్లాస్‌కు 360 కావాలంటే 358 చాలదు. రెండు దశాంశాలు కనిపించేలా పెట్టండి. శాతం జోలికి పోకుండా మొత్తం మార్కులనే >=360 అని పోల్చితే ఇంకా మంచిది.