పాయింట్లున్నా పేరా ఎందుకు అతకడం లేదు?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో హాస్టల్లో ఉంటూ గ్రూప్-1 మెయిన్స్‌కు తెలుగు మాధ్యమంలో సిద్ధమవుతున్నాను. టెస్టు పేపర్లు దిద్దినవారు ప్రతిసారీ ‘విషయం ఉంది, పొందిక లేదు’ అని రాస్తున్నారు. వాక్యాల ముందు ‘అంతేకాక’, ‘అందువల్ల’ చేర్చినా మార్కులు పెరగడం లేదు. ఏం చేయాలి?

జవాబు: మీరు పంపిన పేరా ఇది: ‘2024 సెప్టెంబరు వరద విజయవాడకు బుడమేరు వాగు వల్ల ఉన్న ముప్పును బయటపెట్టింది. అంతేకాక ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. మరియు సింగ్‌నగర్ నీట మునిగింది. అందువల్ల ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి.’ ఇందులో తప్పు సమాచారమేమీ లేదు. అయితే మొదటి వాక్యం చదవగానే దిద్దేవారి మనసులో ‘ఆ ముప్పు ఎలా వచ్చింది?’ అన్న ప్రశ్న పుడుతుంది. తర్వాతి వాక్యాలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పినప్పుడే వాటిని సమర్థక వాక్యాలంటాం. బ్యారేజీ ఎప్పుడు పూర్తయిందన్నది ఆ ప్రశ్నకు జవాబు కాదు కనుక, దాని ముందు ‘అంతేకాక’ పెట్టినంత మాత్రాన అది అతకదు.

ఇప్పుడు ఇలా చూడండి: ‘బుడమేరు నీటిని కృష్ణలో కలిపే మళ్ళింపు కాలువ, నదిలో వరద తక్కువగా ఉన్నప్పుడే సాఫీగా పారుతుంది. 2024 సెప్టెంబరులో నది కూడా పొంగి, ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం ఒక దశలో 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇటు కాలువ కట్టకు గండ్లు పడగా, ఆ గండ్ల నుంచి వచ్చిన నీరు సింగ్‌నగర్ వంటి లోతట్టు ప్రాంతాలను ముంచెత్తింది.’

ఇక్కడ ‘అంతేకాక’ ఒక్కటీ లేదు. మొదటి వాక్యంలోని ‘నది’ రెండో వాక్యంలో ‘నది కూడా’ అయింది. ‘గండ్లు’ అన్న మాట వెంటనే ‘ఆ గండ్ల’ రూపంలో తిరిగి వచ్చింది. ‘పొంగి’, ‘పడగా’ అన్న అసమాపక క్రియలు రెండు సంగతులను విడిగా కనిపించకుండా కుట్టేశాయి. తెలుగులో అతుకు చాలావరకు ఇలా మాటల లోపలే ఉంటుంది. ‘మరియు’ సంగతి సరేసరి: ఇంట్లో ఎవరమూ ‘అమ్మ మరియు నాన్న’ అనం, ‘అమ్మా నాన్నా’ అంటాం. ఇంగ్లిషు నోట్సు నుంచి తెలుగులోకి దించుకునే అభ్యర్థులందరిలోనూ నాకు ఈ అలవాటు కనిపిస్తూనే ఉంటుంది.

1957ను వదులుకోవడం మీకు కష్టంగా ఉంటే, 1850లలో కట్టిన పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ వచ్చిన తీరును వివరించే పేరాలో, అంటే డెల్టా సాగునీటి చరిత్రలో, దానికి చోటివ్వండి.

ఈ వారం మీ పాత జవాబు పత్రాల్లోని అనుసంధాన పదాలన్నిటినీ పెన్సిలుతో కొట్టేసి, పేరాను బిగ్గరగా చదవండి. అర్థం నడుస్తూనే ఉంటే ఆ పదాలు అనవసరమన్నమాట; ఎక్కడైనా తెగితే, పదం చేర్చే ముందు వాక్యాల వరుస మార్చి చూడండి. మీ పేరాలో ‘అందువల్ల’ ఒక్కచోట నిజంగా అవసరమే, కానీ దాని వెనుక ‘చర్యలు తీసుకోవాలి’ అని వదిలేయకుండా, మళ్ళింపు కాలువ సామర్థ్యం పెంచాలనో, కట్టలను పటిష్ఠం చేయాలనో స్పష్టంగా రాయండి.