ఇంటర్‌లో వచ్చిన ఫిజిక్స్ బీటెక్‌లో ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: మేడమ్, మాది సూర్యాపేట జిల్లాలో ఒక పల్లె. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివాను. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాను. రెండేళ్లూ ఫిజిక్స్‌లో 60కి 57కు తగ్గలేదు. ఎప్‌సెట్ ర్యాంకుతో ఘట్‌కేసర్ వైపు ఒక కాలేజీలో ఈసీఈ సీటు వచ్చింది. మొదటి మిడ్‌లో ఫిజిక్స్‌కు 30కి 8 వచ్చాయి. క్లాసులో సార్ చెప్తుంటే అర్థమైనట్టే ఉంటుంది, పేపర్ చేతికిస్తే ఏమీ రాదు. పెట్టెలో ఎలక్ట్రాన్ డెరివేషన్ మూడుసార్లు బట్టీ పట్టాను, ప్రతిసారీ మధ్యలోనే ఆగిపోతున్నాను. మా కాలేజీలో రెండు మిడ్‌ల సగటు తీసుకుంటారు. అసైన్‌మెంట్‌కు 5, వైవాకు 5, ఎక్స్‌టర్నల్ 60. ఎక్స్‌టర్నల్‌లో 21, మొత్తం మీద 40 వస్తే పాస్. సీఎస్ఈకి మారితే ఫిజిక్స్ ఉండదని రూమ్మేట్ అంటోంది. నాన్న కౌలు రైతు, ఇంట్లో ఇంకా చెప్పలేదు. నేను ఇంజినీరింగ్‌కు పనికిరానా?
– ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, ముందు మీ రూమ్మేట్ చెప్పిన మాట సంగతి చూద్దాం. సీఎస్ఈ వాళ్లకూ మొదటి ఏడాది ఫిజిక్స్ ఉంటుంది. కాకపోతే కొన్ని బ్రాంచిలకు మొదటి సెమిస్టర్‌లో, మరికొన్నింటికి రెండో సెమిస్టర్‌లో పెడతారు. పైగా జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం అడ్మిషన్లు ముగిశాక బ్రాంచి మారడం కుదరదు. కాబట్టి ఆ ఆలోచన పక్కన పెట్టెయ్.

నీ ఉత్తరంలో నేను చాలాసేపు ఆగింది ఒక వాక్యం దగ్గర. క్లాసులో అర్థమైనట్టే ఉంటుంది, పేపర్ చేతికిస్తే ఏమీ రాదు అన్నావు. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను తొమ్మిదేళ్లు ఇంజినీరింగ్ మొదటి ఏడాది పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. ఏటా నవంబరు, డిసెంబరు నెలల్లో స్టాఫ్ రూమ్ తలుపు దగ్గర ఎవరో ఒకరు నిలబడి ఇదే మాట అనేవాళ్లు. వాళ్లలో చాలామంది ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లే. అందుకే నువ్వు తెలివితక్కువదానివేమో అన్న అనుమానం నాకు ఒక్క క్షణం కూడా రాలేదు.

అసలు ఏం జరిగిందో చూడు. ఎప్‌సెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు. అంటే ఒక్కో ప్రశ్నకు 67 సెకన్లు. అందులో ఫిజిక్స్ 40 మార్కులే, మ్యాథ్స్ 80. రెండేళ్లపాటు నీ చేతికి, కంటికి ఇచ్చిన తర్ఫీదంతా ప్రశ్న చూడగానే ఫార్ములా గుర్తుకు రావడం, అంకెలు వెయ్యడం, ఆప్షన్ క్లిక్ చెయ్యడం. ఆ పని నువ్వు బాగా చేశావు కాబట్టే సీటు వచ్చింది. ఇప్పుడు కోర్సు ఇంకో పని అడుగుతోంది. ఫార్ములా ఎక్కడి నుంచి పుట్టిందో చెప్పమంటోంది, ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో రాయమంటోంది. ఈ పని నీకు ఎవరూ నేర్పలేదు. పదిహేను వారాల సెమిస్టర్‌లో అయిదు యూనిట్లు పరిగెత్తించే లెక్చరర్‌కూ నేర్పే తీరిక ఉండదు. ఆయన్ని తప్పుపట్టి నేను ఈ మాట అనడం లేదు, ఆ కుర్చీలో కూర్చున్నదాన్నే కదా.

ఇక క్లాసులో అర్థమైనట్టు ఉండటం. దీని మీద అమెరికాలో చాలా పరిశోధన జరిగింది. 1998లో రిచర్డ్ హేక్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 62 పరిచయ కోర్సులు, ఆరు వేలకు పైగా విద్యార్థుల ఫలితాలు పోల్చి చూశాడు. కోర్సుకు ముందు తెలియని విషయాల్లో, కేవలం లెక్చర్ విన్న తరగతులు సగటున పావు వంతు కంటే తక్కువే నేర్చుకున్నాయి. పక్కవాళ్లతో చర్చిస్తూ, తామే చేసి చూస్తూ చదివిన తరగతులు దాదాపు సగం నేర్చుకున్నాయి. 2019లో హార్వర్డ్‌లో ఫిజిక్స్ పరిచయ కోర్సు పిల్లల మీద చేసిన ఇంకో పరిశోధన నీకు బాగా పనికొస్తుంది. చక్కటి లెక్చర్ విన్నవాళ్లు తమకు ఎక్కువ వచ్చిందని అనుకున్నారు. కష్టపడి సొంతంగా చేసినవాళ్లు తమకు తక్కువే వచ్చిందనుకున్నారు. పరీక్ష పెడితే రెండో వాళ్లకే ఎక్కువ వచ్చింది. అంటే క్లాసులో సాఫీగా సాగిపోతున్నట్టు అనిపిస్తే అది నమ్మదగిన గుర్తు కాదు. తెల్ల కాగితం ముందు పెన్ను ఆగిపోయి తల వేడెక్కుతుందే, నేర్చుకోవడం అక్కడ మొదలవుతుంది.

నువ్వు ఆగిపోతున్నానన్న డెరివేషన్‌నే తీసుకుందాం. పుస్తకం మూసి వీణ తీగను తలుచుకో. రెండు చివరలా బిగించి ఉంటుంది కాబట్టి చివరలు కదలవు. మీటితే మధ్యలో ఒక లూప్ రావచ్చు, రెండు రావచ్చు, మూడు రావచ్చు. రెండున్నర రాదు. ఇంటర్ సెకండియర్‌లో స్టేషనరీ వేవ్స్ అని చదివింది ఇదే. ఒక్కో లూప్ పొడవు తరంగదైర్ఘ్యంలో సగం. తీగ పొడవు ఎల్, లూపులు ఎన్ అనుకుంటే తరంగదైర్ఘ్యం 2ఎల్ ÷ ఎన్.

ఇప్పుడు తీగ బదులు, ఎల్ పొడవున్న పెట్టెలో ఎలక్ట్రాన్‌ను పెట్టు. కదిలే ప్రతి కణానికీ తరంగం ఉంటుందని 1924లో డి బ్రోగ్లీ చెప్పాడు. ద్రవ్యవేగం అంటే ప్లాంక్ స్థిరాంకం హెచ్‌ను తరంగదైర్ఘ్యంతో భాగించగా వచ్చేది. ఆ లెక్కన ఇక్కడ ద్రవ్యవేగం ఎన్‌హెచ్ ÷ 2ఎల్. దాని వర్గాన్ని 2ఎమ్‌తో (ఎమ్ అంటే ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి) భాగిస్తే శక్తి వస్తుంది: ఎన్²హెచ్² ÷ 8ఎమ్ఎల్². నువ్వు చేరాల్సిన చివరి లైను ఇదే. ష్రోడింగర్ పేరు ఎత్తకుండానే చేరిపోయాం.

పరీక్షలో ష్రోడింగర్ సమీకరణంతోనే రాయాలి, నిజమే. కానీ ఇప్పుడు ఆ మధ్య లైన్లు చూడు. ఎక్స్ = 0 దగ్గర తరంగ ప్రమేయం సున్నా అని రాసి కొసైన్ పదాన్ని ఎందుకు కొట్టేస్తున్నాం? తీగ ఎడమ చివర కదలదు కాబట్టి. ఎక్స్ = ఎల్ దగ్గర కూడా సున్నా అంటున్నాం. కేఎల్ = ఎన్π వచ్చేది అక్కడే. కుడి చివర కూడా కదలదు, లూపులు పూర్ణసంఖ్యలోనే పడతాయి అని దాని అర్థం. చివర్లో నార్మలైజేషన్ దేనికి? ఎలక్ట్రాన్ ఆ పెట్టెలో ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి కాబట్టి మొత్తం సంభావ్యత 1 కావాలి. నువ్వు బట్టీ పట్టిన ప్రతి లైను వెనకా ఇలాంటి తెలుగు వాక్యం ఒకటి ఉంది. ఆ వాక్యం తెలిస్తే తర్వాతి లైను దానంతటదే వస్తుంది.

అంకెలు కూడా వేసి చూడు. పెట్టె ఒక నానోమీటర్ అయితే మొదటి శక్తి స్థాయి 0.38 ఎలక్ట్రాన్ వోల్టులు, రెండోది దానికి నాలుగింతలు, 1.5. పెట్టెను సగానికి తగ్గిస్తే ప్రతి స్థాయీ నాలుగింతలు పైకి పోతుంది. అందుకే క్వాంటమ్ డాట్లు (నానోమీటర్ల సైజు స్ఫటికాలు) ఒకే పదార్థంతో చేసినా, చిన్నవి నీలంగానూ పెద్దవి ఎర్రగానూ వెలుగుతాయి. 2023 కెమిస్ట్రీ నోబెల్ ఆ డాట్లు కనిపెట్టి, తయారు చేసినవాళ్లకే ఇచ్చారు. సిలబస్‌లో నానోటెక్నాలజీ వేరే యూనిట్‌గా కనిపిస్తుంది కానీ, లోపల ఉన్నది ఇదే పెట్టె, ఇదే ఎన్²హెచ్².

తెలుగు మీడియం గురించి నువ్వు ఒక్క లైను రాసి వదిలేశావు. నాకైతే అదే నీకు కలిసొచ్చే విషయం అనిపిస్తుంది. ఇంటర్ నుంచి ఇంగ్లిష్‌లో రాయడం అలవాటైంది కానీ, ఆలోచన ఇంకా తెలుగులోనే నడుస్తోంది కదా. నడవనీ. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ఎడమవైపు పుస్తకంలోని పదం, కుడివైపు దాని అర్థం నీ మాటల్లో రాసుకో. బౌండరీ కండిషన్‌కు ఎదురుగా 'చివరలు కదలవు' అని రాస్తే చాలు. రాత్రి భోజనాలయ్యాక రోజుకు ఒక టాపిక్ మీ రూమ్మేట్‌కు పుస్తకం చూడకుండా తెలుగులో చెప్పు. ఎక్కడ నత్తి పడ్డావో అక్కడే నీకు తెలియనిది ఉంది. మర్నాడు ఆ ఒక్క ముక్క పట్టుకుని సార్ దగ్గరికి వెళ్లు. 'సార్, క్వాంటమ్ అర్థం కాలేదు' అంటే ఆయన ఏం చెప్పగలరు? 'సార్, కొసైన్ పదం ఎందుకు పోయింది' అని అడిగితే రెండు నిమిషాల్లో చెప్తారు, సంతోషంగా చెప్తారు. అలా అడిగిన పిల్లలు నాకు ఇప్పటికీ గుర్తున్నారు.

ల్యాబ్‌ను రికార్డు రాసే పనిగా చూడకు, ఇది గట్టిగా చెప్తున్నాను. చాలా కాలేజీల్లో సీనియర్ల రికార్డులో రీడింగులు చూసి ఎక్కించే అలవాటు ఉంది. నువ్వు మాత్రం ఎల్‌ఈడీ ప్రయోగం రోజు నిజంగా వోల్టేజీ పెంచుతూ ఎక్కడ వెలుగు మొదలవుతుందో చూడు. ఎర్ర ఎల్‌ఈడీ కంటే నీలం దానికి ఎక్కువ వోల్టేజీ ఎందుకు కావాలో నిన్ను నువ్వే అడుగు. 1240ని నానోమీటర్లలో తరంగదైర్ఘ్యంతో భాగిస్తే కాంతి కణం శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. ఎరుపుకు 650 తీసుకుంటే సుమారు 1.9. నీ మీటర్ చూపించే వోల్టేజీ కూడా ఇంచుమించు దాని దగ్గర్లోనే ఉంటుంది. సిలికాన్ బ్యాండ్ గ్యాప్ 1.1 మాత్రమే, అది పరారుణ ప్రాంతం. పైగా అది ఇండైరెక్ట్ బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్ కిందికి దిగినా ఆ శక్తి చాలావరకు కాంతిగా కాక వేడిగా పోతుంది. సిలికాన్‌తో మామూలు ఎల్‌ఈడీ ఎందుకు చేయరో ఈ రెండు ముక్కలతో తేలిపోతుంది. వైవాలో ఈ నాలుగు వాక్యాలు చెప్పగలిగితే 5కి 5 వేయని లెక్చరర్‌ను నేను చూడలేదు.

నువ్వు ఈసీఈ కాబట్టి ఇంకో మాట. ఈ కోర్సులో సెమీకండక్టర్ల యూనిట్ నీ నాలుగేళ్ల చదువుకు మొదటి పాఠం. ఎనర్జీ బ్యాండ్లు, డ్రిఫ్ట్ కరెంట్, డిఫ్యూజన్ కరెంట్, పీఎన్ జంక్షన్ అన్నీ తర్వాత ఎలక్ట్రానిక్ డివైసెస్‌లో వస్తాయి, గేట్ ఈసీ సిలబస్‌లోనూ ఉన్నాయి. క్వాల్‌కామ్, ఏఎండీ, మైక్రాన్, ఇంటెల్ లాంటి కంపెనీలు ఈ నగరంలోనే చిప్‌ల మీద పనిచేస్తున్నాయి. మీ వైపు ఈసీఐఎల్, ఇటు కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఓ ల్యాబ్‌లు ఉన్నాయి. వీఎల్ఎస్ఐ (చిప్‌ల డిజైన్) వైపు వెళ్లాలన్న ఆశ ఎప్పుడైనా పుడితే ఈ యూనిట్‌ను సప్లీ కోసం చదివిన దానిలా వదిలెయ్యలేవు. లేజర్లు, ఫైబర్ ఆప్టిక్స్ యూనిట్ తేలికే. సంపూర్ణ అంతర పరావర్తనం నీకు ఇంటర్ నుంచే తెలుసు, రెండు సాయంత్రాల్లో అయిపోతుంది.

పుస్తకాలకు ఎక్కువ డబ్బు పెట్టకు. ఆదివారం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద, మామూలు రోజుల్లో కోఠీలో పాత ఇంజినీరింగ్ ఫిజిక్స్ పుస్తకాలు దొరుకుతాయి. ఇంటర్ సెకండియర్ పుస్తకం ఇంట్లో ఉంటే తెప్పించుకో. తరంగాలు, ద్వంద్వ స్వభావం, సెమీకండక్టర్లు మళ్లీ ఒకసారి కథలా చదువు. ఇంటర్నెట్‌లో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ (PhET) సిమ్యులేషన్లు ఉచితం. ఫోటోఎలక్ట్రిక్ ఎఫెక్ట్‌ది ఒక గంట ఆడి చూడు. 'ఇంపార్టెంట్ క్వశ్చన్స్' జిరాక్స్ కట్ట పరీక్ష ముందు వారం పనికొస్తుంది. అంతకుముందు తెరిస్తే మళ్లీ బట్టీలోకి లాగుతుంది.

ఇక లెక్క. మొదటి మిడ్ 8 అయిపోయింది. రెండో మిడ్‌లో 20 తెచ్చుకుంటే సగటు 14. అసైన్‌మెంట్, వైవా కలిపి 8 వేసుకున్నా ఇంటర్నల్స్ 22 అవుతాయి. అప్పుడు ఎక్స్‌టర్నల్‌లో నీకు కావాల్సిన కనీసం 21 వస్తే మొత్తం 43, పాస్. నేను నీ నుంచి 21 మాత్రమే ఆశించడం లేదు, కానీ రాత్రి నిద్ర పట్టడానికి ఈ లెక్క నీ దగ్గర ఉండాలి. ఒకవేళ సబ్జెక్టు మిగిలిపోయినా సప్లిమెంటరీ ఉంటుంది. ప్లేస్‌మెంట్‌కు వచ్చే చాలా కంపెనీలు చూసేది ఆనాటికి బ్యాక్‌లాగ్ మిగిలి ఉందా అనే. అప్పటికి నీకు మూడేళ్ల సమయం ఉంది.

నాన్నగారికి ఈ ఆదివారం ఫోన్ చెయ్యి. మార్కులు దాచి పెట్టుకున్న పిల్లలు చదువు మీద పెట్టాల్సిన శక్తి దాచడం మీద పెడతారు, నేను చూశాను. '30కి 8 వచ్చాయి నాన్నా, ఎందుకు వచ్చాయో తెలిసింది, రెండో మిడ్‌కు ఇలా చదువుతున్నాను' అని చెప్పు. కౌలు చేసే మనిషికి ఒక పంట తక్కువ రావడమంటే ఏమిటో నీకంటే బాగా తెలుసు. ఆయన మొదట అడిగేది, అన్నం సరిగ్గా తింటున్నావా అనే అయి ఉంటుంది. రెండో మిడ్ అయ్యాక ఎన్ని వచ్చినా సరే, నాకు రాయి. ఏ ప్రశ్న దగ్గర ఆగావో కూడా రాయి, అక్కడి నుంచి మళ్లీ చూద్దాం.