మారిషస్ కథ రాసిన అమ్మాయికి

అమ్మాయీ,

మారిషస్‌లోని తెలుగు కుటుంబం మీద నువ్వు రాసిన కథ అందింది. రెండో పేజీలో, ఉగాది పొద్దున మామిడి పూతల్లో కోయిల కూసిన చోట చదవడం ఆపేసి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మిగతాది తర్వాత చదివాను. రామభజనలో మామ్మ పదాల అర్థం తెలియకుండానే గొంతు కలిపే పేరా బాగుంది, దాన్ని ముట్టుకోకు.

మారిషస్‌లో కోయిల లేదు. ఉగాదికి అక్కడ వసంతమూ లేదు. హిందూ మహాసముద్రంలోని ఆ దీవి భూమధ్యరేఖకు దక్షిణాన, 20 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మార్చి, ఏప్రిల్ అంటే అక్కడ ఎండాకాలం వెనకబట్టే రోజులు, తుపాను భయం ఇంకా తీరని రోజులు. మామిడిపండ్లు వచ్చేది నవంబరు నుంచి. మన దగ్గర ఎండలు ముదిరాక పూసే తురాయి అక్కడ డిసెంబరులో పూస్తుంది. కొత్త సంవత్సరపు పూలగుత్తి అని దానికి వాళ్లు పెట్టుకున్న పేరు. ఉగాదికి ప్రభుత్వ సెలవు కూడా ఉంది. పండుగ ఇక్కణ్నుంచి వెళ్లింది గాని రుతువు వెళ్లలేదు.

ఎక్కడి కథ రాసినా ముందు గాలి ఎటునుంచి వీస్తుందో తెలుసుకోవాలి. మనుషుల బాధలు ఆ తర్వాత. మారిషస్‌లో ఏడాదిలో ఎక్కువ కాలం గాలి ఆగ్నేయం నుంచి వస్తుంది. నడుమ ఉన్న పీఠభూమి ఎక్కుతూ వాన కురిపిస్తుంది, పడమటి వైపు దిగేసరికి తడి అయిపోతుంది. పైన ఏడాదికి 4000 మిల్లీమీటర్ల దాకా కురిస్తే పడమటి తీరంలో 900 దగ్గర ఆగిపోతుంది. నీ నాయిక ఊరు క్యూర్‌పీప్ 550 మీటర్ల ఎత్తున ఉంది. జులైలో అక్కడ ముసురులో స్వెట్టరు వేసుకుని బస్సెక్కిన మనిషి, తీరాన ఉన్న రాజధాని పోర్ట్ లూయీలో దిగి స్వెట్టరు తీసి చేతి మీద వేసుకుంటుంది. నువ్వు రెండూళ్లకీ ఒకే ఎండ రాశావు.

కిటికీలోంచి అలల హోరు వినిపించిందన్నావు. దీవి చుట్టూ చాలా మేర పగడపు దిబ్బ ఉంది. పెద్ద అలలు అక్కడే విరిగిపోతాయి, ఇవతలి నీళ్లు నిలకడగా ఉంటాయి. నదులు కలిసే చోట మంచినీటికి పగడం పెరగదు కాబట్టి దిబ్బకు గండ్లు పడతాయి, పడవలు వాటిలోంచి బయటికి పోతాయి. దక్షిణాన సుయాక్ ఊరి పక్క గ్రీ గ్రీ దగ్గర దిబ్బే లేదు, సముద్రం నేరుగా వచ్చి నల్లరాతి చరియను కొడుతుంది. హోరు కావాలంటే ఆ ఇంటిని అక్కడికి మార్చు.

తుపాను ఘట్టం మళ్లీ రాయాలి. దక్షిణార్ధగోళంలో తుపాను గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది, మన బంగాళాఖాతంలో దానికి ఎదురు. తుపాను దీవికి ఉత్తరం నుంచి పోతే గాలి తూర్పు నుంచి కొడుతుంది, దక్షిణం నుంచి పోతే పడమర నుంచి. కన్ను మీదుగా దాటితే నడుమ గాలి ఆగి, తర్వాత ఎదుటి దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. అయిపోయిందనుకుని తలుపు తీసినవాళ్లకి ప్రమాదం అప్పుడే. 1960 ఫిబ్రవరిలో కేరల్ తుపాను ఇళ్లను నేలమట్టం చేశాకే అక్కడ కాంక్రీటు డాబాలు విస్తరించాయి. 1975లో నీ పాత్రలకి పెంకుటిల్లు ఎక్కడిది?

వరిచేలు తీసెయ్. అన్నం తింటారు గాని బియ్యం దిగుమతే. పొలమంటే చెరకు. అగ్నిపర్వతం పుట్టించిన నేల కాబట్టి గునపం వేస్తే రాయి తగులుతుంది. కూలీలు ఏరిన ఆ నల్లరాళ్ల గుట్టలు ఇప్పటికీ తోటల మధ్య నిలబడి ఉన్నాయి. ఒకసారి నాటితే మొక్కతోటా, కోశాక మోళ్లు మళ్లీ చిగిర్చే కార్శీలూ కలిపి ఏడెనిమిది కోతలు తీస్తారు. కోత జూన్ నుంచి డిసెంబరు దాకా. కోసిన గడ ఒకటి రెండు రోజుల్లో గానుగకి చేరకపోతే పంచదార దిగుబడి పడిపోతుంది, కోతకాలంలో అందరి తొందరా దానికోసమే. నీ నాయకుణ్ని తోటలో త్రాచు కరిచింది. ఆ దీవిలో విషపు పాములు లేవు. అతన్ని చంపక తప్పదంటే వేరే దారి వెతుకు.

‘దుర్భర దారిద్ర్యం’ అని మూడుసార్లు రాశావు. ఆ మాటకి బదులు కూలి లెక్క రాయి. 1834 నవంబరు 2న అట్లాస్ ఓడ పోర్ట్ లూయీ చేరింది. ఒప్పందం మీద ఇండియా నుంచి చెరకుతోటలకి కూలీలు రావడం ఆ రోజుతో మొదలైనట్టు లెక్కిస్తారు. మగవాడికి నెలకి ఐదు రూపాయలు, పైన బియ్యం, పప్పు, ఉప్పు. చెప్పకుండా మూడు రోజులు మానితే ఆరు రోజుల కూలి కోసేవాళ్లు, ‘డబుల్ కట్’ అనేవాళ్లు దాన్ని. కథలో లెక్కలెందుకని ఇలాంటి వాక్యాల మీద ఎర్రగీత పెట్టే సంపాదకులతో నేను జీవితమంతా తగువులాడాను. వలస కథంటే మట్టివాసన, కన్నీళ్లు, రేవులో ఊగే చెయ్యి అని ఒక మూస తయారైంది, బహుమతులు కూడా దానికే ఇస్తున్నారు. ఆ ఆరు రోజుల కూలి చదివినవాడికి కన్నీళ్ల సంగతి నువ్వు చెప్పక్కర్లేదు.

మామ్మ కొడుకు పనిచేసే చక్కెర మిల్లు ‘ఒకరోజు మూతపడింది’. ఎందుకు? 1975 నుంచి ఐరోపా దేశాలు ఏటా సుమారు ఐదు లక్షల టన్నుల మారిషస్ పంచదార మంచి ధరకి కొంటామని మాటిచ్చాయి. 2006 తర్వాత ఆ ధరలో 36 శాతం కోశాయి, 2009లో ఒప్పందమే పోయింది. మిల్లులు మూడుకి తగ్గాయి, మిగిలినవి చెరకు పిప్పి మండించి కరెంటు కూడా తీస్తున్నాయి. కోడలు బట్టల ఫ్యాక్టరీకి పోవడం సరిగ్గా రాశావు, 1970లో ఎగుమతి ఫ్యాక్టరీల మండలం చట్టం వచ్చాక ఆడవాళ్లు వేలల్లో అలా పనికి వెళ్లారు.

ఇక భాష. మామ్మ చేత గోదావరి యాస మాట్లాడించావు. ఆ ఇళ్లలో నోటికొచ్చేది ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి వాడుక భాష, క్రియోల్. తెలుగు బడిలో, గుళ్లో, భజనలో ఉంది. సింహాద్రి అప్పన్నని కొలుస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు. ఆ పేర్లే ఉత్తరాంధ్రని చూపిస్తున్నాయి, గోదావరి యాస ఆ మాత్రం కూడా నిలవదు. క్రియోల్ సంభాషణని యాసలేని మామూలు తెలుగులో రాయి. నిజంగా తెలుగు పలికేది ఒక్క పూజలోనే ఉంచు, పాఠకుడికి తేడా తెలియాలి. వీధిలో ఇడ్లీ బండి కూడా వద్దు. అక్కడ అమ్మేది దాల్‌పూరీ, బెల్లం లేని బొబ్బట్టులా ఉంటుంది. రెండేసి జతగా, చిక్కుడుగింజల కూరా, రుగాయ్ అనే టమాటా కూరా వేసి, కాగితంలో చుట్టి ఇస్తారు.

రెండో భాగంలో ముత్తాత ప్రయాణం రాస్తానన్నావు. మారిషస్‌లోనే మోకా అనే ఊళ్లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఒప్పంద కూలీల రిజిస్టర్లు అక్కడ భద్రపరిచారు. ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, జిల్లా, ఊరు, వచ్చిన ఓడ ఉంటాయి. 1860ల నుంచి చాలామందికి ఫొటో కూడా. నీ ముత్తాతకి ఈ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసుకో, ఎత్తుతో సహా. నంబరు ఇవ్వకుండా అతన్ని ఓడ దించకు.

ఆశీస్సులతో.