రూఫ్ తెరుచుకునే కారు కొనేముందు ఒక చెంబెడు నీళ్లు పోసి చూడండి

కార్ల సందేహాలు – జవాబులు: నల్లగొండ షెడ్డు నుంచి

ప్రశ్న: మాది మిర్యాలగూడ, రైస్‌మిల్లు వ్యాపారం. బెంగళూరులో 2011 నాటి బీఎండబ్ల్యూ జెడ్4 ఒకటి అమ్మకానికి వచ్చింది. 35ఐ మోడల్, 52 వేల కిలోమీటర్లు తిరిగింది. 19 లక్షలు అడుగుతున్నారు. రూఫ్ తెరుచుకునే కారంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఇంజను బాగుందని మా మెకానిక్ అన్నాడు. ముందు ముందు రిపేర్లకు ఎంతవుతుందో చెప్పండి అన్నా.

జవాబు: తమ్ముడూ, మీ ఇష్టాన్ని నేను కాదనను. 16 ఏళ్లు హైదరాబాద్‌లో ఇలాంటి కార్ల కింద పడుకుని పని నేర్చుకున్నాను. దేవరకొండ రోడ్డులో సొంత షెడ్డు పెట్టుకుని ఏడేళ్లయింది. జెడ్4 అల్యూమినియం రూఫ్ రెండు ముక్కలుగా మడుచుకుని డిక్కీలోకి దిగే ఆ 20 సెకన్లు ఇప్పటికీ చేతిలో పానా పక్కన పెట్టి చూస్తాను.

కానీ అందరిలాగే మీరూ ఇంజను సంగతి అడిగారు. ఈ కార్లలో ముందు అడగాల్సింది నీళ్ల సంగతి. రూఫ్ అంచుల్లో పడిన వాన మూలల్లోని సన్నని గొట్టాల గుండా చక్రాల దగ్గరికి దిగి నేలమీద పడాలి. ఆ గొట్టం పూడుకుపోతే నీరు కారు లోపలికే దారి వెతుక్కుంటుంది.

పోయిన వానాకాలం సాగర్ రోడ్డులోని ఒక తోట నుంచి ఇలాంటి కారే లారీ మీద వచ్చింది. వేసవంతా వేపచెట్టు కింద నిలబెట్టారు. మూల గొట్టంలోకి నైలాన్ తీగ పంపి తిప్పితే ఎండిన వేపపూత, ఆకు ఈనెలు, ఎర్రమట్టి కలిసి నల్లటి ముద్దగా వచ్చాయి. వేలెడు ముద్ద, అంతే. సీటు విప్పి కార్పెట్ ఎత్తి చూస్తే కింది స్పాంజి నుంచి నీళ్లు ధారకట్టాయి. దాని పక్కనే ఉన్న కంట్రోల్ యూనిట్ పిన్నులు చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. కార్పెట్ ఆరబెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. యూనిట్, వైరింగ్, కొత్త యూనిట్‌ను కారు కంప్యూటర్‌కు జతచేసే కోడింగ్ అన్నీ కలిపి బిల్లు లక్షా 85 వేలు. ఏడాదికి రెండుసార్లు పది నిమిషాలు వెచ్చించి ఉంటే ఆ ఖర్చే లేదు. ఆ బిల్లు రాస్తుంటే నాకే బాధ కలిగింది.

కాబట్టి బెంగళూరు వెళ్లినప్పుడు చెంబెడు నీళ్లు అడిగి తీసుకోండి. డిక్కీ తెరిచి, రూఫ్ మూలల్లో నెమ్మదిగా పోయండి. క్షణాల్లో కారు కింద కారాలి. కారకపోతే, లేదా కార్పెట్ కింద చెయ్యి పెడితే చెమ్మ తగిలితే, పాత అటక వాసన వస్తే ఆ కారు వదిలేయండి. మరో సంగతి, గొట్టాలను ఇనుప తీగతో పొడవకూడదు, కంప్రెసర్ గాలి కొట్టకూడదు. లోపల అతుకు ఊడిపోతే మొత్తం విప్పాల్సి వస్తుంది.

తర్వాత రూఫ్‌ను నాలుగుసార్లు తెరిచి మూయించండి. ఒకసారి చూసి తల ఊపితే చాలదు. నూనె ఒత్తిడితో రూఫ్‌ను కదిలించే హైడ్రాలిక్ సిలిండర్ల సీళ్లు ఎండకు బిగుసుకుపోయి ఉంటే నూనె చెమర్చడం మూడోసారో నాలుగోసారో కనబడుతుంది. సీళ్లు, ఒక గొట్టం మారిస్తే నా షెడ్డులో 40 వేల లోపు తేలింది. అదే హైడ్రాలిక్ పంపు పోయి కొత్తది తెప్పించాల్సి వస్తే లక్షన్నర దాటింది.

ఇప్పుడు ఇంజను. ఇది ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు ఉన్న ఎన్54 ఇంజను. అద్భుతమైన ఇంజను, కానీ ఓర్పు తక్కువ. దీని నీళ్ల పంపు బెల్టుతో తిరగదు, కరెంటుతో తిరుగుతుంది. పోయేటప్పుడు చప్పుడు చేయదు, ఉన్నట్టుండి ఆగిపోతుంది. మే నెలలో నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద 45 డిగ్రీల ఎండలో వేడి హెచ్చరిక వచ్చిందంటే అక్కడే పక్కకు ఆపేయాలి. ఇంకో రెండు కిలోమీటర్లే కదా అనుకుంటే సిలిండర్ హెడ్ వంకరపోతుంది. పంపు, థర్మోస్టాట్ కలిపి 70 వేల దాకా పెట్టుకోండి. హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు ఈ ఇంజనుకు పేరుమోసిన జబ్బులు. పాత యజమాని మార్పించి ఉంటే ఆ బిల్లు చూపించమనండి. ఆయిల్ ఎంతుందో చూడటానికి పుల్ల ఉండదు, తెర మీదే చూడాలి. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ కింద నూనె మరక కనబడితే ఆ గ్యాస్కెట్ చవకే, విప్పే కూలే ఎక్కువ.

టైర్లు రన్‌ఫ్లాట్. గాలి పోయినా 80 కిలోమీటర్ల వేగం మించకుండా మరో 80 కిలోమీటర్లు నడుస్తాయి. స్టెప్నీ ఉండదు. నాలుగూ మార్చాలంటే లక్ష దాటుతుంది. టైరు పక్కగోడ మీద తయారైన వారం, సంవత్సరం నాలుగు అంకెల్లో ఉంటాయి, చదవండి.

ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమా వద్దు. అరుగుదల, యాంత్రిక లోపం, విద్యుత్ లోపం మామూలు పాలసీలో రావు. కాగితాల సంగతీ ఉంది. 2011లో రిజిస్టరైన కారుకు 15 ఏళ్లు 2026తో నిండుతాయి. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, అదీ ఐదేళ్లకే. కర్ణాటక నుంచి ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ పన్ను మీరు పెట్టిన 19 లక్షలను బట్టి ఉండదు, కారు మొదటి ధరను, వయసును బట్టి ఉంటుంది. ముందే ఆర్టీఏ ఆఫీసులో లెక్క వేయించుకోండి. నన్నడిగితే ధర 16 దగ్గర తెగాలి, మొదటి ఏడాదికి 4 లక్షలు విడిగా ఉంచుకోవాలి. ఆ నాలుగు లేకపోతే ఇప్పుడు కొనకండి.

ప్రశ్న: మహబూబ్‌నగర్ నుంచి రాస్తున్నాను. మా వారి మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కే రూఫ్ సగంలో ఆగిపోయింది. పంపు పోయింది, రెండు లక్షలు అవుతుందని ఒక వర్క్‌షాపులో చెప్పారు. నిజమేనా?

జవాబు: అమ్మా, డబ్బు కట్టకండి. ముందు ఖర్చులేని పనులు చేయండి. బ్యాటరీ నీరసంగా ఉంటే రూఫ్ కదలదు, ఛార్జింగ్ పెట్టి చూడండి. డిక్కీలో సామానుకూ రూఫ్‌కూ మధ్య ఒక తెర ఉంటుంది. అది సరిగ్గా కొక్కేనికి తగిలించకపోయినా కదలదు. నిజానికి సగం ఫిర్యాదులు నా దగ్గర ఇక్కడే తీరాయి. తర్వాత స్విచ్ నొక్కి వినండి. పంపు గుర్రుమంటున్నా రూఫ్ కదలకపోతే నూనె తగ్గి ఉండవచ్చు, లేదా కారుతుండవచ్చు. ఏ చప్పుడూ లేకపోతే ఫ్యూజు, రిలే, సెన్సర్, డిక్కీ కీలు దగ్గర నలిగి తెగిన వైరు వరుసగా చూడాలి. ఎలుకలు కొరికిన వైర్లూ చూశాను. పంపు చివరి అనుమానం. స్కానర్ పెట్టి ఏ లోపం చూపించిందో కాగితం మీద ఇమ్మని అడగండి. ఇవ్వకపోతే బండి వెనక్కి తెచ్చుకోండి. రూఫ్‌ను మాత్రం చేతులతో బలవంతంగా నొక్కనివ్వకండి.

ప్రశ్న: వనపర్తిలో ఉంటాం. మా మినీ కన్వర్టబుల్ గుడ్డ రూఫ్‌ను కోతులు గీరి చింపాయి. మొత్తం మార్చాలా?

జవాబు: చిరుగు జానెడు లోపు ఉండి, మడతపడే చోట కాకుండా ఉంటే లోపలి నుంచి అదే రకం గుడ్డ అతికించి కుట్టించవచ్చు. సీట్ల పని బాగా తెలిసినవాళ్ల చేత చేయించండి. మడత మీద చిరిగితే అతుకు నిలవదు, మార్చాల్సిందే. అప్పటిదాకా రూఫ్ తెరవకండి. తడి గుడ్డ మీద కవరు కప్పకండి, బూజు పడుతుంది. రబ్బరు అంచులకు కొబ్బరినూనె వద్దు, సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి.