మద్రాసులో గది ఎక్కడ తీసుకోవాలి, ఆ డబ్బు ఎక్కడినుంచి రావాలి?

ప్రశ్న: మాది అనంతపురం. పన్నెండేళ్ళుగా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. నా భర్త చనిపోయి నాలుగేళ్ళయింది. ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. చేతికి 58,000 వస్తుంది. అద్దె, అమ్మాయి చదువు, ఇంటి ఖర్చు కలిపి 44,000 పోతుంది. కిందటి నెలే నెలకు 5,000 చొప్పున ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) మొదలుపెట్టాను. బ్యాంకులో 52,000 ఉంది. పదిహేనేళ్ళ మా అమ్మాయి పదో తరగతి పరీక్షలయ్యాక, మే నెలలో మద్రాసు చూడాలంటోంది: ఎగ్మూర్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు, మెరీనా, కోట్టూర్‌పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయం, టీ నగర్. మూడు రాత్రులకు గదులు చూశాను. ఓఎంఆర్ అనే పాత మహాబలిపురం రోడ్డులో షోళింగనల్లూరు దగ్గర రాత్రికి 1,750. ఎగ్మూర్‌లో ఉదయం టిఫిన్‌తో 2,900. ఈసీఆర్ అనే తూర్పు తీరపు రోడ్డులో సముద్రం ఒడ్డున రిసార్టులో పన్నుతో కలిపి 10,500. రిసార్టుకు ఒక యాప్‌లో ‘ముందు వెళ్ళిరండి, తర్వాత కట్టండి’ అని నెలకు 3,990 చొప్పున తొమ్మిది వాయిదాలు, 599 ప్రాసెసింగ్ ఫీజు అంటున్నారు. రూపాయిన్నర వడ్డీయే పడుతుందని చెప్పారు. వాళ్ళ నాన్న పోయాక దాన్ని ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. ఏది తీసుకోమంటారు?

జవాబు: అమ్మా, మీరు అడిగింది హోటల్ గురించే అయినా మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం వేరే ఉంది. మూడు చోట్లా అద్దె కనుక్కున్నారు, పోల్చి చూసుకున్నారు. ఆ డబ్బు ఎక్కడినుంచి రావాలన్నది మాత్రం యాప్ చెప్పినదానికి వదిలేశారు. నా దగ్గరకు వచ్చే కుటుంబాల్లో చాలామంది ఆలోచన ఇదే వరుసలో సాగుతోంది. ముందు గది ఖాయమవుతుంది, ఆ వెనకే అప్పు ఖాయమవుతుంది, పొదుపు మాట ప్రయాణం నుంచి తిరిగి వచ్చాక చూద్దామని వాయిదా పడుతుంది. మీ అమ్మాయిని మద్రాసు తీసుకురండి, తప్పకుండా తీసుకురండి. నాలుగేళ్ళుగా ఇల్లు, ఆఫీసు తప్ప మరొకటి ఎరగని మీ ఇద్దరికీ ఆ మూడు రోజులు అవసరం. అయితే దాన్ని అప్పు లేకుండా, బ్యాంకులో ఉన్న ఆ 52,000 జోలికి పోకుండా చేయవచ్చు. ఎలాగో కింద రాస్తున్నాను.

ముందు గది సంగతి. రాత్రి అద్దెలు మాత్రమే పక్కపక్కన పెట్టి చూస్తే షోళింగనల్లూరు చవకగా కనబడుతుంది. కాని మీరు చూడదలచిన చోట్లన్నీ నగరం నడిమధ్యలో ఉన్నాయి, ఆ గది వాటికి పదిహేను నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది. పైగా అది మెట్రో రెండో దశ పనులు సాగుతున్న రోడ్డు. ఒకసారి క్యాబ్‌లో వస్తే ఆరు వందలకు తక్కువ కాదని నా అంచనా. సెంట్రల్‌లో దిగి గదికి చేరడం, తిరిగి సెంట్రల్‌కు రావడం, మధ్యలో రెండు రోజులు పోను రాను కలిపితే క్యాబ్‌లకే 3,700 దాకా అవుతుంది. ఇద్దరి టిఫిన్ మరో 750. అయిదు శాతం జీఎస్టీతో మూడు రాత్రుల గది 5,512. ఇప్పటికే పది వేలకు చేరువయ్యారు.

దీనికి మే నెల ఎండ తోడవుతుంది. మనం కర్తరి అనే రోజులను ఇక్కడివారు అగ్ని నక్షత్రం అంటారు, అది సరిగ్గా మే నెలలోనే వస్తుంది. ఆ రోజుల్లో మద్రాసులో తిరగడానికి పద్ధతి ఒకటే: పొద్దున ఎనిమిదికే బయటపడి, పన్నెండున్నరకల్లా గదికి వచ్చి భోంచేసి పడుకుని, నాలుగున్నరకు మళ్ళీ బయల్దేరడం. ఎగ్మూర్‌లో ఉన్నవారికి ఇది సాధ్యం. షోళింగనల్లూరులో ఉన్నవారు ఆ నాలుగు గంటలూ ఏదో మాల్‌లోనో కాఫీ షాపులోనో కూర్చుని గడపాలి, దానికి రోజుకు అయిదు వందలైనా అవుతుంది. దాంతో చవక గది ఖర్చు 11,000కు అటూఇటూగా తేలుతుంది.

ఎగ్మూర్ గది పన్నుతో కలిపి రాత్రికి 3,045, మూడు రాత్రులకు 9,135. సెంట్రల్ నుంచి మెట్రోలో ఎగ్మూర్ పక్క స్టేషనే. 1851లో మొదలైన ప్రభుత్వ మ్యూజియం ఆ ప్రాంతంలోనే ఉంది. అమరావతి పాలరాతి శిల్పాలతో పాటు కంచు విగ్రహాల విభాగాన్నీ తీరిగ్గా చూడండి, ఆ ఆవరణలోనే కన్నెమరా గ్రంథాలయం కూడా ఉంది. టీ నగర్‌కు లోకల్ రైలెక్కితే ఎగ్మూర్ తరవాత నాలుగో స్టేషన్ మాంబళం, దిగితే రంగనాథన్ వీధి. సెంట్రల్ పక్కనున్న పార్క్ టౌన్‌లో వేళచ్చేరి రైలెక్కితే మెరీనాకు చేపాక్కంలోనూ, గ్రంథాలయానికి కోట్టూర్‌పురంలోనూ దిగవచ్చు. ఇలా తిరిగితే రోజుకు 250 దాటదు, నాలుగు రోజులకు 1,000. మొత్తం 10,135. రాత్రికి 1,150 ఎక్కువ అనిపించిన గదే చివరికి ఎనిమిది వందలు తక్కువకు వస్తోంది, పైగా పిల్ల అలసిపోదు.

బుక్ చేసే ముందు హోటల్‌కు మీరే ఫోన్ చేయండి. పదిహేనేళ్ళ పిల్లను చాలా హోటళ్ళు పెద్దల లెక్కలోనే వేస్తాయి కాబట్టి యాప్‌లో ఇద్దరు పెద్దలని నమోదు చేయండి, లేకపోతే వచ్చాక అదనపు మనిషి రుసుము అడుగుతారు. ఇద్దరి ఆధార్ కార్డులూ వెంట ఉంచుకోండి. చెక్‌ఔట్, అంటే గది ఖాళీ చేయడం, దిగిన వేళనుంచి 24 గంటల లెక్కనా, మధ్యాహ్నం పన్నెండు గంటలకా అన్నది అడగండి. లాల్‌బాగ్ ఎక్స్‌ప్రెస్‌లో ఉదయం బయల్దేరితే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో ఉంటారు కాబట్టి మీకు పన్నెండు గంటల పద్ధతైనా ఇబ్బంది లేదు. కింద బార్ ఉందా అని మొహమాటపడకుండా అడగండి, ఎగ్మూర్ హోటళ్ళలో చాలావాటికి ఉంటుంది. ఆడవాళ్ళిద్దరే దిగుతున్నప్పుడు అది లేనిదీ, సందులో కాక పెద్దరోడ్డు మీద ఉన్నదీ మేలు. కెన్నెట్ లేన్‌లో వరసగా లాడ్జీలున్నాయి, అద్దె ఇంకా తగ్గుతుంది, కాని గది చూడకుండా డబ్బు కట్టవద్దు. పూనమల్లి హైరోడ్డులోని వై.డబ్ల్యూ.సి.ఏ. అతిథిగృహంలో కూడా ఒకసారి కనుక్కోండి. కొద్ది వందలు తగ్గుతాయని రద్దుకు వీలులేని ధరకు బుక్ చేయకండి.

ఇక రిసార్టు. రాత్రి అద్దె 7,500 దాటింది కాబట్టి పన్ను అయిదు కాదు, పద్దెనిమిది శాతం. ఆ 10,500లో 1,600 పన్నే. సముద్రం కావాలంటే మెరీనాకూ ఎలియట్స్ బీచ్‌కూ టికెట్టు లేదు. అయినా నాకు కోపం తెప్పించింది అద్దె కాదు, ఆ ‘రూపాయిన్నర వడ్డీ’. మీరు అకౌంట్స్ విభాగంలో ఉన్నారు, ఈ లెక్క నాతో కలిసి చేయండి. 3,990 చొప్పున తొమ్మిది వాయిదాలంటే 35,910. ఫీజు 599, దాని మీద జీఎస్టీ కలిపితే 707. మూడు రాత్రులకు 31,500 అయ్యే గదికి మీరు కట్టేది 36,617. వాళ్ళు రూపాయిన్నర అన్నది మొదటి రోజు అసలు మీద తొమ్మిది నెలలూ వేసిన వడ్డీ. కాని మీరు నెలనెలా అసలు తీరుస్తూ పోతున్నారు కదా, తీర్చేసిన సొమ్ము మీద కూడా వడ్డీ ఎందుకు కట్టాలి? ఏ నెలకు ఎంత బాకీ మిగిలిందో దాని మీద లెక్కగడితే అది నూటికి రెండు రూపాయల డెబ్బై పైసలు. ఫీజు కూడా కలిపితే మూడు రూపాయలు దాటుతుంది, అంటే ఏడాదికి దగ్గరదగ్గర 38 శాతం. మన ఊళ్ళో ఎవరైనా మూడు రూపాయల వడ్డీకి అప్పిస్తానంటే ఆ గడప తొక్కేవారా మీరు? ఫోన్ తెర మీద రంగుల బొమ్మతో వచ్చినంత మాత్రాన అది వేరే అప్పు అయిపోదు.

ఏ యాప్ అయినా, బ్యాంకు అయినా వ్యక్తిగత అప్పు ఇచ్చేముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇచ్చి, అందులో ఫీజులతో కలిపి ఏడాది రేటు చూపించాలని 2024 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ కాగితం అడగకుండా అప్పుకు అంగీకారం తెలిపే బటన్ నొక్కకండి. రేపు మరొకరు ‘జీరో వడ్డీ’ అంటారు. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని అదే రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే స్పష్టంగా చెప్పింది. మూడు రాత్రుల నిద్రకు తొమ్మిది నెలల అప్పు వద్దు. క్రెడిట్ కార్డు వాయిదాలూ ఇంతే, వాటి గురించి వేరే రాయను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మీ ఇంటి ఖర్చు 44,000, మీ దగ్గర ఉన్నది 52,000. మీ జీతం ఈ నెల ఆగిపోతే మీ ఇల్లు ముప్పై అయిదు రోజులు నడుస్తుంది, ముప్పై ఆరో రోజు నడవదు. ఇద్దరు సంపాదించే ఇంట్లో ఒకరి ఉద్యోగం పోతే రెండో జీతం ఆదుకుంటుంది, మీకు ఆ రెండో జీతం లేదు. అందుకే మూడు నెలల ఖర్చు చాలునని ఎవరైనా అంటే మీ విషయంలో నేను ఒప్పుకోను. ఆరు నెలల ఖర్చు అత్యవసర నిధిగా కావాలి, అంటే 2,64,000. ఇప్పుడున్నది పోగా ఇంకా 2,12,000 తక్కువ.

దీన్ని నేను ఇంత పట్టుబట్టి చెప్పడానికి 2015 డిసెంబరు కారణం. అడయార్ నది పొంగినప్పుడు మేము సైదాపేటలో అద్దెకుండేవాళ్ళం. కింది వాటాలో నడుముల్లోతు నీళ్ళు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, చుట్టుపక్కల ఏటీఎం ఒక్కటీ పనిచేయలేదు. నాకు డిపాజిట్లున్నాయి, ఫండ్లున్నాయి, జేబులో మాత్రం పదకొండు వందలు ఉన్నాయి. జ్వరంతో ఉన్న మా అమ్మకు మందులు కొనడానికి పై వాటాలో ఉండే వంటమనిషి దగ్గర రెండు వేలు చేబదులు తీసుకున్నాను. ఆమె బియ్యపు డబ్బాలో దాచుకున్న డబ్బది. నలుగురికి డబ్బు సలహా చెప్పే నాకు ఆ రోజు అక్కరకొచ్చింది ఆమె జాగ్రత్తే. మీ నిధిలో పది వేలు ఇంట్లో నోట్లుగా ఉంచండి, మిగిలినది మీ జీతం పడే ఖాతాలో కాక వేరే బ్యాంకులో ఉంచండి. ఆ ఖాతాను ఏ చెల్లింపు యాప్‌కూ జతచేయవద్దు. కార్డు లిమిట్ ఉంది కదా అని దాన్నే అత్యవసర నిధిగా భావించేవారు ఉన్నారు. అది మీ డబ్బు కాదు, ఉద్యోగం పోయిన నెలలో దాన్ని వాడితే తీర్చే దారి ఉండదు.

ప్రయాణానికి డబ్బు ఎక్కడినుంచి? మీ జీతంలో ఖర్చు, ఆర్డీ పోగా నెలకు 9,000 మిగలాలి. అది ఎటు పోతోందో మీ ఉత్తరంలో లేదు. బ్యాంకు నిల్వను చూస్తే నిలవడం లేదనే తెలుస్తోంది. ఫిబ్రవరి జీతం పడిన రోజే అందులో 6,000 ప్రయాణం పేరుతో, 3,000 నిధి పేరుతో పక్కకు వెళ్ళేలా బ్యాంకులో ఆదేశం పెట్టండి. మార్చిలో, ఏప్రిల్‌లో అలాగే. మూడు నెలల్లో ప్రయాణానికి 18,000 చేరుతుంది. గది, నగరంలో తిరుగుడు 10,135; రైలు ఛార్జీలు సుమారు 2,400; భోజనాలు 3,600; టీ నగర్‌లో అమ్మాయికి ఏమైనా కొనడానికి మిగిలిన 1,800 చేతిలో పెట్టండి, ఏం కొనుక్కోవాలో తననే తేల్చుకోనివ్వండి. ఇంటి పరిస్థితి అర్థం చేసుకోగల వయసు తనది, ఈ లెక్క కూడా తనకు చూపించండి.

ఈ లోగా ఆర్డీ 5,000ను, పక్కన పెట్టిన 3,000ను నిధి కిందే లెక్కవేస్తే ఏప్రిల్ చివరికి అది 76,000 అవుతుంది. మే నుంచి ప్రయాణం వాటా కూడా కలిసి నెలకు 14,000 చొప్పున పడితే వచ్చే ఏడాది జూన్‌కు ఆరు నెలల ఖర్చు పూర్తవుతుంది. అప్పటిదాకా మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా కట్టే సిప్‌లు, బంగారం, స్థలాలు ఎవరు చెప్పినా వినవద్దు.

బీమా ఒక్కటి మాత్రం ఆగకూడదు. సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోతుంది కాబట్టి మీ ఇద్దరి పేరా సొంత పాలసీ ఒకటి, మీ పేరున టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే నామినీకి సొమ్ము వచ్చే జీవిత బీమా) ఒకటి ఈ ఏడాదే తీసుకోండి. వ్యక్తిగత పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. ప్రీమియం కట్టే నెలల్లో నిధికి వెళ్ళేది కొంత తగ్గి, గడువు రెండు మూడు నెలలు వెనక్కి జరిగినా ఫరవాలేదు. అమ్మాయి మైనరు కనుక టర్మ్ పాలసీలో నామినీగా తన పేరు రాసేటప్పుడు, తనకు పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా ఆ సొమ్ము అందుకునే అపాయింటీ పేరు కూడా రాయాలి. అనంతపురంలో మీకు నమ్మకమున్న మనిషి ఎవరో ఇప్పుడే ఆలోచించుకోండి.

రైలు టికెట్లు అరవై రోజుల ముందు తెరుస్తారు, మార్చి నెల వాటా నుంచి అవి కొనేయండి. శనివారం బయల్దేరి మంగళవారం తిరిగి వచ్చేలా పెట్టుకుంటే ఆఫీసుకు రెండు రోజుల సెలవు చాలు. శుక్రవారం మూసి ఉంచే మ్యూజియం ఆదివారం ఉదయం మీ అమ్మాయికి తెరిచే ఉంటుంది.