గృహరుణం తీర్చేసి మూడు రూపాయల వడ్డీకి పోతారా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో పని, జీతం 38 వేలు. 2021లో 7 శాతానికి 20 లక్షల గృహరుణం తీసుకున్నాను. వడ్డీ 9.5 శాతానికి పెరిగి ఈఎంఐ 15,500 నుంచి 18,400 అయింది. భారం తగ్గుతుందని ఉన్న ఒక్క ఎఫ్‌డీ 1.5 లక్షలూ తీసి అసలుకు కట్టేశాను. మూడు నెలలకే నాన్నకు ఆపరేషన్. తెలిసినాయన దగ్గర అంతే మొత్తం మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. ఇల్లు గడవడం లేదు. ప్రభుత్వ సాయం ఏమైనా ఉందా?

జవాబు: పాత రుణంపై పెరిగిన వడ్డీని భరించే కేంద్ర పథకం ఏదీ లేదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన 2.0 వడ్డీ రాయితీ 2024 సెప్టెంబరు 1 తర్వాత రుణం తీసుకున్నవారికే. ఇప్పిస్తామనే ఏజెంట్లకు రూపాయి ఇవ్వకండి.

మీకు ఉన్నది రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఇచ్చిన ఆదేశం. వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అన్నది బ్యాంకు మిమ్మల్ని అడగాలి. పైగా 2025 ఫిబ్రవరి నుంచి రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, తగ్గుతూ వచ్చింది. మీ ఈఎంఐ మాత్రం కదల్లేదంటే, తగ్గిన వడ్డీని గడువులో సర్దేసి ఉండొచ్చు. అసలు తగ్గించకపోయీ ఉండొచ్చు. బ్రాంచికి వెళ్లి ఇప్పటి రేటు, మిగిలిన వాయిదాలు కాగితం మీద తీసుకోండి. ఈఎంఐ తగ్గించమని అర్జీ పెట్టండి.

ఇక అసలు తప్పు. ఎఫ్‌డీ కట్టేసి మీరు మిగుల్చుకున్న వడ్డీ ఏడాదికి 14,250. మూడు రూపాయల వడ్డీకి కడుతున్నది నెలకు 4,500, ఏడాదికి 54 వేలు! గృహరుణంలో వేసిన డబ్బు ఆపద వేళ వెనక్కి రాదండీ. ఎంతోమంది ఇదే చేస్తున్నారు, చూస్తుంటే బాధేస్తోంది. 2018లో తిత్లీ తుపాను వచ్చాక మీ జిల్లాలోని ఉద్దానం వెళ్లాను. కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడి ఉన్నాయి. నాలుగు నెలల ఖర్చు బ్యాంకులో ఉన్న ఇంటివాళ్లు నిదానంగా మళ్లీ మొక్కలు నాటుకున్నారు. లేనివాళ్లు వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కారు.

ముందు ఆ మూడు రూపాయల వడ్డీ అప్పు తీర్చండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులోనే కుదువ పెట్టండి. పది శాతం వేసుకున్నా నెల వడ్డీ 1,250. మిగిలే 3,250లో వెయ్యి ఆర్‌డీకి (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్), మిగతాది బంగారం అసలుకు. ఈఎంఐ కట్టడానికి ఫోన్ యాప్‌లో అప్పు మాత్రం చేయకండి, ఒక్కసారి కూడా.

ఆపదకని ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి. ఈఎంఐ 18,400, ఇంటి ఖర్చు 16 వేలు అనుకుంటే అది రెండు లక్షల పైచిలుకు. అంత చేరేదాకా గృహరుణానికి అదనంగా పైసా కట్టొద్దు. రుణమంత మొత్తానికి టర్మ్ జీవిత బీమా పాలసీ, నాన్నగారి పేరూ ఉన్న ఆరోగ్య బీమా చూసుకోండి. బ్యాంకు మారడం గురించి తర్వాత ఆలోచిద్దాం. ఆర్‌డీ మాత్రం ఈ నెల జీతం పడిన రోజే తెరవండి.