స్ప్రింగు కొలిచే ముందు ఇది చదువు

ఒరే నాన్నా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. రాయగడలో బియ్యం గోడౌన్‌కి పలకలు పలకలుగా పైకి లేచే తలుపు ఉందట, రెండు స్ప్రింగుల్లో ఒకటి విరిగిందట, కొలతలు తీసి కొత్తవి తెప్పించి వేస్తానని నువ్వు ఒప్పుకున్నావట. వాడి గొంతులో ఎంత సంబరమో. నాకూ గర్వంగానే ఉంది. కానీ పడుకుంటే నిద్ర పట్టలేదు. లేచి లైటు వేసుకుని రాస్తున్నాను.

మీ నాన్న వెంట ఇన్నాళ్లూ షట్టర్లు బిగించావు, పని తెలియనివాడివి కాదు. షట్టర్లో పట్టీ స్ప్రింగు గుండ్రటి పెట్టెలో దాగి ఉంటుంది. ఇది అలా కాదు. తలుపు పైన షాఫ్టు మీద బయటికే ఉంటుంది, బరువంతా అదే మోస్తుంది. తలుపు మూసి ఉన్నప్పుడే దానిలో టెన్షన్ ఎక్కువ. విరిగినదానిలో ఏమీ ఉండదు, పక్కదానిలో నిండా ఉంటుంది. మస్కట్‌లో పదకొండేళ్లు ఇదే పని చేశాను కాబట్టి చెబుతున్నాను.

అక్కడ నేను చేసిన తప్పు మీ నాన్నకి కూడా చెప్పలేదు.

ఒక ఇంటి కారు షెడ్డు. ఏడడుగుల తలుపు, ఇలాగే ఒక స్ప్రింగు విరిగింది. దాని ముక్కలు దించి, ఒకదానికొకటి చేర్చి కొలవాలి. మిట్టమధ్యాహ్నం, నిచ్చెన మీద ఉన్నాను. పక్కనున్నది బాగానే ఉంది కదా, రెండూ ఒకటే కదా అని బిగించి ఉన్నదాని మీదే టేపు పెట్టేశాను. తీగ మందం సరిగ్గానే వచ్చింది. పొడవు తప్పింది. స్ప్రింగును ఒక్కో చుట్టు బిగించినప్పుడల్లా దాని పొడవు ఒక తీగ మందం పెరుగుతుంది. ఆ తలుపుకి ఏడున్నర చుట్లు, తీగ పావు అంగుళం. అంటే దాదాపు రెండు అంగుళాలు ఎక్కువ రాసుకున్నాను. ఈ సంగతి నాకు తెలియక కాదు. ఆ ఐదు నిమిషాలు గుర్తు చేసుకోలేదు.

అదే తీగతో పొడవు పెరిగితే స్ప్రింగు బలం తగ్గుతుంది. కొత్తవి వేశాక తలుపు సగంలో వదిలితే కిందికి జారింది. అప్పుడైనా విప్పేయాల్సింది. పరువు పోతుందని ఇంకో చుట్టు బిగించాను. తలుపు నిలిచింది. అలా అతిగా బిగించిన స్ప్రింగుకి ఆయుష్షు తక్కువ. ఆరు నెలలు తిరక్కుండా, గ్రీజు పెట్టడానికి వెళ్లిన మా ఇచ్ఛాపురం కుర్రాడు తలుపు ఎత్తుతుండగా విరిగింది. పలకల మధ్య పడి వాడి ఎడమ చేతి రెండు వేళ్ల చివర్లు పోయాయి. ఆసుపత్రి నుంచి బయటికొచ్చి చొక్కా గుండీ పెట్టుకోలేక నాకేసి చూశాడు. ఆ గుండీ నేనే పెట్టాను. "అన్నా, ఇంట్లో చెప్పకు" అన్నాడు.

అందుకే, టెన్షన్ పూర్తిగా దించాకే పొడవు కొలువు. రెండు స్ప్రింగులూ విడివిడిగా కొలువు, ఒక్కోసారి వాటి తీగ కూడా వేరుగా ఉంటుంది. స్ప్రింగు చివర్లలో బిగించి ఉండే లోహపు దిమ్మల్ని, అవే కోన్లు, పొడవులో కలపకు.

తీగ మందానికి ఒక్క చుట్టు కొలిస్తే లాభం లేదు. 20 చుట్లు ఎంచి, రెండు చివర్లా సుద్దతో గీసి, మిల్లీమీటర్లలో కొలువు. 127 వస్తే పావు అంగుళం తీగ. 123 వస్తే అది వేరే తీగ, వేరే బలం. తేడా నాలుగు మిల్లీమీటర్లే. 19 ఎంచి 20 అనుకోకు, వేలితో తడుముతూ రెండుసార్లు ఎంచు. లోపలి వ్యాసం వెర్నియర్‌తో చూడు. స్ప్రింగును నిలబెట్టినప్పుడు ఎదురుగా ఉన్న చుట్లు కుడివైపు పైకి లేస్తుంటే అది కుడి చుట్టు, ఎడమవైపు లేస్తే ఎడమ చుట్టు. షాఫ్టు చివర తలుపు కేబులు చుట్టుకునే డ్రమ్ము మీద పోతపోసిన నంబరు రాసుకో. తలుపు బరువు కూడా తూచు, బియ్యం గోడౌన్‌లో కాటాకి కొదవేముంది.

టెన్షన్ దించేటప్పుడు తలుపు లేవకుండా పట్టాలకి క్లాంపులు వెయ్యి. కోన్ రంధ్రాల్లో స్క్రూడ్రైవర్ పెట్టావంటే ఊరుకోను. రెండు ఉక్కు రాడ్లు కావాలి, వదులు లేకుండా పట్టేవి. ఒకటి నిండా దూరి నిలబడ్డాకే కోన్‌ని షాఫ్టుకి పట్టి ఉంచే సెట్ స్క్రూలు వదులు చెయ్యి. రెండోది పెట్టకుండా మొదటిది తియ్యకు. ఒక్కోసారి పావు చుట్టే. ముఖం కోన్‌కి ఎదురుగా పెట్టకు, పక్కకి నిలబడు. పొద్దున్నే వెళ్లు, ఏదైనా తిని వెళ్లు. ఒంటరిగా మాత్రం వెళ్లకు నాన్నా.

మస్కట్ నుంచి తెచ్చుకున్న నా రాడ్లు గోనెపట్టాలో చుట్టి రేపు పర్లాకిమిడిలో రాయగడ బస్సుకి ఇస్తాను, స్టాండులో నువ్వే దించుకో. ముందు కోన్ రంధ్రంలో పెట్టి చూడు, కదిలితే వాడకు, నాకు ఫోన్ చెయ్యి. కొలతలు రాసిన కాగితం ఫోటో తీసి వాట్సాప్ చెయ్యి. నేను చూసి సరే అనేదాకా స్ప్రింగులు ఆర్డర్ పెట్టకు.

మీ పెదనాన్న